పెండ్లి కార్డు మీద పేర్లకు చేతిరాత ఫాంటు: ఇంగ్లీషుకు దొరికింది, తెలుగుకు జోడీ ఏది?

చెల్లె_లగ్గం (హన్మకొండ) · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. వచ్చే నెలల మా చెల్లె లగ్గం. అమ్మాయి మాధవి, అబ్బాయి ప్రశాంత్. కార్డు నేనే చేస్తానని ఇంట్ల మాటిచ్చిన. డిగ్రీ చదివేటప్పుడు ఆరు నెలలు డీటీపీ నేర్చుకున్న. కోరెల్‌డ్రా మంచిగనే వస్తది, ఫొటోషాప్ కొద్దిగ వస్తది.

కార్డుకు ఒక దిక్కు ఇంగ్లీషు, ఇంకో దిక్కు తెలుగు. ఇంగ్లీషు పేర్లకు గ్రేట్ వైబ్స్ అనే ఫాంటు పెట్టిన. ఆ ఎం అక్షరం ఎడమ దిక్కు నుంచి సొరకాయ తీగ లెక్క లేచి, వంగి, కిందికి దిగేటప్పుడు బలంగ దిగుతది. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. తెలుగు దిక్కు వచ్చేసరికి ఆగిపోయిన. ఏ ఫాంటు పెట్టినా పేపర్ హెడ్డింగు లెక్కనో, ఎలక్షన్ ఫ్లెక్సీ లెక్కనో ఉంటుంది. రెండు దిక్కులు ఒకే ఇంటి కార్డు అనిపించాలె గదా.

ఇంకో మాట. అమ్మ కార్డంతా ఆ అందమైన రాతలనే ఉండాలంటుంది, ముహూర్తం, ఫంక్షన్ హాల్ అడ్రసు సహా. నాకైతే భయమైతుంది. 400 కార్డులు, మందం ఐవరీ పేపరు, మీద సన్నని గీతల నేత ఉంటది. గోల్డ్ స్క్రీన్ ప్రింటింగ్. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

---

మట్టెవాడ_స్క్రీన్ (వరంగల్) · సోమవారం రాత్రి 10:15

అమ్మా, ఫాంటు సంగతి తర్వాత. ముందు ఆ పేపరు సంగతి చెప్త. నేను ఇరవై ఏండ్ల సంది స్క్రీన్ కొడుతున్న.

గ్రేట్ వైబ్స్‌ల లావు గీత లావుగనే ఉంటది, కానీ ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి పోయే సన్న గీత ఉంటది చూడు, అది వెంట్రుక అంత. కంప్యూటర్ల పెద్దగ చేసి చూస్తే మస్తుగ కనిపిస్తది. బటర్ పేపర్ మీద ప్రింటు తీసి, స్క్రీన్ ఎక్స్‌పోజ్ చేసి (అంటే వెలుగు పట్టిచ్చి), నీళ్లతోని కడిగినప్పుడు ఆ వెంట్రుక గీత సగం తెరుచుకోదు. తెరుచుకున్నా, నేత ఉన్న పేపరు మీద గోల్డ్ ఇంకు గుంటల్లకు దిగక గీత తునకలు తునకలుగ పడ్తది. గోల్డ్‌ల పొడి రేణువులు ఉంటయి, మామూలు ఇంకు కన్న తొందరగ మెష్ (స్క్రీన్ జాలీ) మూసేస్తది.

నాకు ఎదురైన సంగతి చెప్త. ఒక కార్డుల అమ్మాయి పేరు సుధ. పార్టీ వాళ్లు తెచ్చిన ఫైలుల సన్నని వంపుల తెలుగు ఫాంటు. 300 కార్డులు కొట్టినంక చూస్తే ‘సుద’ అని ఉన్నది. ద కు, ధ కు తేడా కింద ఒక్క చిన్న నిలువు గీతే గదా. ఆ గీత స్క్రీన్ల మూసుకపోయింది. పెండ్లిపిల్ల పేరు అది. ఆ 300 పక్కన పెట్టి మళ్ల నా ఖర్చుతోని కొట్టిచ్చిన. ఆ రోజు సంది ధ, థ, ఫ, ఢ, ఛ ఉన్న పేరు వస్తే భూతద్దం పెట్టి చూస్త.

మీ చెల్లె పేరుల కూడ ధ ఉన్నది. జర చూసుకో.

---

కొక్కెం_కలం (కరీంనగర్) · సోమవారం రాత్రి 11:02

మట్టెవాడ అన్న చెప్పిన వెంట్రుక గీత ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. అది తెలిస్తే ఏది ఉంచాలో, ఏది తీయాలో అర్థమవుతుంది.

ఇంగ్లీషు రౌండ్‌హ్యాండ్, కాపర్‌ప్లేట్ రాతలన్నీ మొనదేలిన, వంగే పాళీతో పుట్టినవి. పాళీని కిందికి లాగేటప్పుడు నొక్కితే మొన రెండుగా విచ్చుకుంటుంది, సిరా ఎక్కువ దిగి గీత లావవుతుంది. పైకి పోయేటప్పుడు చెయ్యి తేలిక చేస్తే మొన మూసుకుని సన్నగీత పడుతుంది. కిందికి లావు, పైకి సన్నం, మొత్తం కుడివైపుకు వాలు. ఆ లావు సన్నాల తేడానే మనం ‘ఎలిగెంట్’ అని పిలుస్తున్నాం. పాళీ లేకుండా ఆ రూపాన్ని కంప్యూటర్‌లో ఊరికే గీస్తే ఎక్కడో తేడా కొడుతుంది. లావు ఎక్కడ రావాలో అక్కడే వచ్చిందా అని మీరే పరీక్ష చేయవచ్చు: అక్షరాన్ని గాలిలో వేలితో రాస్తూ చూడండి.

సీసం అక్షరాల కాలంలో ఈ రాతను అచ్చు వేయడం కష్టం. ఒక అక్షరం తోక పక్క అక్షరం మీదికి వాలాలి. లోహపు దిమ్మె అంచు దాటిన తోక విరిగిపోయేది. సీసం బదులు ఫిల్మ్ మీద అక్షరాలు కూర్చే ఫొటో టైప్‌సెట్టింగ్ వచ్చాక, 1960ల్లో మాథ్యూ కార్టర్ అనే ఆయన చార్లెస్ స్నెల్ అనే పాత రాత గురువు చేతిని ఆధారం చేసుకుని స్నెల్ రౌండ్‌హ్యాండ్ చేశాడు. అక్షరాలు నిజంగా అతుక్కునేలా చేయడం అప్పుడు కుదిరింది. 1998లో హెర్మన్ జాఫ్ గారి జాఫినో వచ్చేసరికి ఒకే అక్షరానికి నాలుగు రూపాలు పెట్టగలిగారు. నిజమైన చేతిరాతలో రెండు ‘ఎ’లు ఒక్కలా ఉండవు కదా. గ్రేట్ వైబ్స్ చేసిన రాబర్ట్ లుష్కీ కూడా చేత్తో రాసే మనిషే.

ఇవన్నీ పాళీ జాతి. 1942 నాటి బ్రష్ స్క్రిప్ట్, 1953 నాటి మిస్ట్రాల్ ఇంకో జాతి, కుంచె, మొద్దు కలం తీరు. వాటిలో వెంట్రుక గీత ఉండదు, గరుకు పేపరు మీద బతుకుతాయి. కానీ అవి దుకాణం బోర్డు మాట్లాడినట్టు మాట్లాడతాయి, పెండ్లి మాట్లాడినట్టు కాదు. నా అభిప్రాయం అది.

---

చెల్లె_లగ్గం (హన్మకొండ) · మంగళవారం ఉదయం 7:30

మట్టెవాడ అన్నా, రాత్రి నిద్ర పట్టలే. పొద్దున్నే లేచి ధ కింది గీత జూమ్ చేసి చూసిన, నిజంగనే దారం పోగు అంత ఉన్నది.

కొక్కెం సార్, గాలిల వేలుతోని రాసి చూసిన. ఇంగ్లీషు ఎం కు సరిగ్గ కుదిరింది. అదే తెలుగు మ కు చేస్తే ఎక్కడ నొక్కాలో, ఎక్కడ వదలాలో తెలుస్తలేదు. మన అక్షరాలకు ఆ పాళీ లెక్క వర్తిస్తదా?

---

వట్రుసుడి (జనగామ) · మంగళవారం ఉదయం 8:55

వర్తించదు అక్కా, అందుకే మీకు జోడీ దొరకడం లేదు. నేను తెలుగు ఫాంటు ఒకటి గీస్తున్నాను, ఇంకా పూర్తి కాలేదు. గీస్తుంటే తెలిసిన సంగతులు చెప్తాను.

ఇంగ్లీషు చేతిరాత అందం అక్షరం అక్షరాన్ని పట్టుకోవడంలో ఉంది. తెలుగులో అక్షరాలు పట్టుకోవు. హిందీకి ఉన్నట్టు పై గీత కూడా లేదు. ప్రతి అక్షరం విడిగా, గుండ్రంగా తిరిగి తన దగ్గరే ఆగుతుంది. బలవంతంగా తోకలు తగిలించి కలిపితే చదవలేం. ఇంగ్లీషు నమూనా పక్కన పెట్టుకుని తెలుగు గీసినవాళ్లందరూ ఇక్కడే దెబ్బ తిన్నారు, మొదట నేను కూడా.

మరి మన చేతిరాతలో ఒయ్యారం ఎక్కడుంది? మీ అమ్మమ్మో తాతో రాసిన పాత ఉత్తరం ఉంటే తీసి చూడండి. తలకట్టు చూడండి. చెయ్యి వేగంగా పోయేవాళ్లకు తలకట్టు కుడివైపుకు పొడుగ్గా లేస్తుంది. గుడిదీర్ఘం చివర సుడి చూడండి. అన్నిటికన్నా క్రావడి చూడండి. ‘ప్ర’ రాసేటప్పుడు ప ముగించి, కలం ఎత్తి, ఎడమవైపు నుంచి అక్షరం కిందుగా ఒక చుట్టు తిప్పుతాం కదా, ఆ చుట్టును ఎంత దూరమైనా తీసుకుపోవచ్చు. అక్షరాన్ని చంకనెత్తుకున్నట్టు ఉంటుంది. ‘శ్రీ’లో కింద క్రావడి, పైన గుడిదీర్ఘం రెండూ ఉంటాయి కాబట్టే కార్డుల మీద శ్రీకారం అంత అందంగా కుదురుతుంది. ఇంగ్లీషులో క్యాపిటల్ అక్షరం చేసే పని తెలుగులో ఒత్తులు, గుణింతపు గుర్తులు చేస్తాయి.

మీకు అదృష్టం ఉంది. ‘ప్రశాంత్’లో క్రావడి ఉంది, చివర పొల్లు ఉంది. ‘మాధవి’లో గుడి ఉంది. సాదా ఫాంటు తీసుకుని, కోరెల్‌లో కర్వ్స్‌గా (లాగి సవరించగల గీతలుగా) మార్చి, ఆ మూడు చోట్లే గీతను చేత్తో లాగండి. మిగతా అక్షరాల జోలికి పోకండి.

వాలు గురించి కూడా: ఇటాలిక్ బటన్ నొక్కి తెలుగును వంచకండి. గుండ్రటి సున్న కోడిగుడ్డు అవుతుంది, గుడి పక్కకు జారిపోయినట్టు కనిపిస్తుంది.

---

పేజ్‌మేకర్_పాతకాపు (నిజామాబాద్) · మంగళవారం మధ్యాహ్నం 1:20

వట్రుసుడి తమ్ముడు చెప్పింది బాగుంది గానీ, ఇంత కష్టం ఎందుకు? తెలుగు పెండ్లి కార్డుకు బాపు గారి రాత ఉంది కదా. ఆయన చేతిరాత ఫాంటుగా వచ్చినప్పటి నుంచి మా దగ్గర పదింట ఆరు కార్డులు దాంతోనే కొట్టినం. కొద్దిగా మందంగా ఉంటుంది, స్క్రీన్‌లో పోదు, గీత గీతలో చెయ్యి కనిపిస్తుంది. అక్షరం నవ్వుతున్నట్టు ఉంటుంది.

ఒక జాగ్రత్త. మా తరం ఫాంట్లు, అను ఫాంట్లు, శ్రీలిపి ఫాంట్లు యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో నడిచే తెలుగు కోడ్) కావు. వాటిలో ఇంగ్లీషు అక్షరం కూర్చునే గడిలో తెలుగు ముక్క కూర్చుంటుంది. అందుకే వాట్సాప్‌లో వచ్చిన తెలుగు మ్యాటర్ కాపీ కొట్టి అనుపమ, ప్రియాంక లాంటి అను ఫాంట్లలో పేస్ట్ చేస్తే డబ్బాలు వస్తాయి, లేకపోతే ఫాంటే మారిపోతుంది. కన్వర్టర్‌లో వేసి మార్చాలి. మార్చినంక ఒత్తులు, పొల్లులు ఒక్కొక్కటి చూసుకోవాలి. బంధువుల పేర్లు అక్కడే తప్పు పోతాయి.

---

నకాశీ_నీలం (సిద్దిపేట) · మంగళవారం మధ్యాహ్నం 2:05

పాతకాపు అన్నా, బాపు రాత మీద నాకు ఎంత గౌరవం ఉన్నా ఒప్పుకోలేను. అందరి కార్డూ అదే అయితే మాధవి కార్డు ఏదో ఎట్ల గుర్తుపడతరు? పైగా బాపు రాతలో హుషారు ఉంది. గ్రేట్ వైబ్స్‌లో నెమ్మది ఉంది. ఒక దిక్కు సన్నాయి, ఇంకో దిక్కు తీన్‌మార్ అవుతుంది.

నేనైతే తెలుగు దిక్కు చేతిరాత పెట్టకనే పోదును. పేర్లు పెద్ద సైజులో, నిటారుగా, శుభ్రమైన ఫాంటులో పెట్టి చుట్టూ జాగా వదిలితే అదే హుందాగా ఉంటుంది. వేయిస్తంభాల గుడి శాసనం చూడండి, 1163 నాటిది. సంస్కృతమే అయినా తెలుగు-కన్నడ లిపిలో చెక్కిండ్రు. వరస తప్పకుండా అక్షరం పక్కన అక్షరం నిలబెట్టిన తీరు చూస్తే చాలు, అందానికి తోకలు అక్కరలేదని తెలుస్తది.

---

వట్రుసుడి (జనగామ) · మంగళవారం సాయంత్రం 5:48

నీలం గారూ, రాయి మీద చెక్కేవాడు ప్రభుత్వం మాట చెక్కుతున్నాడు. పెండ్లి పిలుపు ఇంటి మనిషి గొంతుతో పోవాలి. చేతిరాత ఆ గొంతు. మా పక్క బమ్మెర పోతన పేరు మీద పోతన2000 ఫాంటు ఉంది, పుస్తకానికి చాలా బాగుంటుంది. కానీ దానితో ‘మా అమ్మాయి పెండ్లికి తప్పక రావాలె’ అని రాస్తే గ్రంథం చదివినట్టే ఉంటుంది.

అయితే ఒక మాట ఒప్పుకుంటాను. జాగా వదలాలి అన్నది నిజం. తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషుకు ఇచ్చినంత లైన్ స్పేసింగ్ సరిపోదు. పై లైను క్రావడి కింది లైను తలకట్టుకు తగిలిందంటే ఎంత మంచి ఫాంటైనా ఇరుకు గదే.

జోడీ కుదర్చడానికి నేను చేసే పని ఇది: రెండు ఫాంట్ల వాలు కాకుండా, లావు గీత మందం కొలిచి అవి దగ్గరగా ఉండేలా సైజు సరిచేస్తాను. ఇంగ్లీషు లావు గీత ఒక మిల్లీమీటరు ఉంటే తెలుగు కూడా ఆ దగ్గరకు రావాలి. అప్పుడు రెండు ముఖాలు ఒకే చేత్తో రాసినట్టు కనిపిస్తాయి. ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లలో లక్కిరెడ్డి ఒకసారి పెట్టి చూడండి. నా కంటికి అందులో చెయ్యి కదలిక ఉంది.

---

సుబేదారి_లేజర్ (హన్మకొండ) · మంగళవారం రాత్రి 8:30

కార్డు ఒక్కటే కాదు గదా, మండపం బోర్డు కూడ చేపిస్తరు. నాది యాక్రిలిక్ కటింగ్. రెండు ముక్కలు చెప్త, ఇప్పుడే ఫైలు సర్ది పెట్టుకుంటే తర్వాత తిప్పలు ఉండయి.

ఇంగ్లీషు స్క్రిప్ట్ ఫాంటుల అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కలుస్తయి. కంటికి ఒకే పేరు లెక్క కనిపిస్తది గానీ ఫైలుల విడివిడిగనే ఉంటయి. అట్లనే పంపితే లేజర్ ప్రతి అతుకు కాడ అడ్డంగ కోస్తది, పేరు ఏడు ముక్కలైతది. కోరెల్‌ల కర్వ్స్ చేసి అన్నిటిని వెల్డ్ చేయాలె, అంటే ఒకే ఆకారంగ కలపాలె.

తెలుగుల తిప్పలు తిరగబడ్తది. అక్షరాలు విడిగ ఉంటయి కాబట్టి ఏది దేన్ని పట్టుకోదు. ‘ప్ర’ అయితే తలకట్టు ఒక ముక్క, ఒళ్లు ఒక ముక్క, క్రావడి ఒక ముక్క. వెనక ఒక పారదర్శకం షీటు పెట్టి అతికియ్యాలె, లేకపోతే వట్రుసుడి అన్న చెప్పినట్టు క్రావడిని పొడుగు లాగి పేరు కిందినుంచి పట్టీ లెక్క తీసుకపోతే అన్ని అక్షరాలు దాని మీద కూసుంటయి. పోయిన మాఘమాసంల ఒక పార్టీకి అట్లనే చేసిన. మండపంల దీపాల ముంగట పెడితే నీడ గోడ మీద పడి పేరు రెండుసార్లు కనిపించింది.

---

సర్కారు_బడి_సార్ (ములుగు) · మంగళవారం రాత్రి 9:15

నాది పెండ్లి సంగతి కాదు, అయినా ఇక్కడే రాస్తున్నాను. కాళోజీ జయంతికి, సెప్టెంబర్ 9న, మా బడిలో వ్యాసరచన పోటీలు పెట్టి పిల్లలకు సర్టిఫికెట్లు ఇస్తాం. మొదట్లో పేర్లు నేనే చేత్తో రాసేవాణ్ని. తర్వాత కంప్యూటర్‌లో స్క్రిప్ట్ ఫాంటు పెట్టి తీసినం. ఇంగ్లీషు పేర్లన్నీ క్యాపిటల్స్‌లో టైపు చేసి ఫాంటు మార్చినం. ఒక్క పేరు చదవరాలేదు. ప్రతి క్యాపిటల్ తన తీగలు తాను చాపింది, ఎస్ ఏదో ఎల్ ఏదో తెలియలేదు. పిల్లవాడు కాగితం తిప్పి తిప్పి తన పేరు ఎక్కడుందని అడిగాడు. ఆ మాట నాకు చాలా నాటుకుంది.

కాబట్టి అమ్మా, మొదటి అక్షరం ఒక్కటే క్యాపిటల్. అక్షరాల మధ్య స్పేసింగ్ పెంచకండి, అతుకులు ఊడిపోతాయి. మీ అమ్మగారికి నచ్చజెప్పండి, ముహూర్తం టైమూ ఫోన్ నంబరూ ఆ రాతలో వద్దు. 1 కి 7 కి తేడా తెలియకపోతే చుట్టాలు తలంబ్రాలైనంక వస్తారు.

---

మట్టెవాడ_స్క్రీన్ (వరంగల్) · మంగళవారం రాత్రి 10:05

సార్ చెప్పిందే నేను ప్రతి పార్టీకి చెప్త. పేర్లు, పైన శ్రీకారం, కింద ‘మీ రాకే మాకు ఆనందం’ ఈ మూడు చోట్ల రాత ఫాంటు. మిగతాదంతా మండలి లాంటి చక్కగ చదువొచ్చే ఫాంటు.

సన్న గీత లావు చేయాలంటే కర్వ్స్‌కు అదే రంగు అవుట్‌లైన్ సన్నగ ఇవ్వు. మరీ ఎక్కువ ఇస్తే అక్షరాల కడుపులన్నీ మూసుకపోతయి, మ లోపలి గుండ్రం నిండిపోతది. ఇచ్చినంక అసలు సైజుల ప్రింటు తీసి చేతి దూరంల పట్టుకుని చూడు. స్క్రీన్ మీద చూసి తృప్తి పడకు.

డ్యాన్సింగ్ స్క్రిప్ట్ అనే ఇంగ్లీషు ఫాంటు అయితే బోల్డ్ కూడ ఉంటది. గ్రేట్ వైబ్స్‌కు ఒక్కటే మందం.

---

చెల్లె_లగ్గం (హన్మకొండ) · బుధవారం రాత్రి 8:50

అందరు చెప్పింది వరుసగ పెట్టుకుని ఇయ్యాల పొద్దంత కూసున్న.

మొదట ఫొటోషాప్‌ల చేద్దామని తెరిస్తే ‘ప్రశాంత్’ విరిగిపోయి వచ్చింది, ప్ ఒక దిక్కు, ర ఒక దిక్కు.

---

వట్రుసుడి (జనగామ) · బుధవారం రాత్రి 8:58

అది ఫాంటు తప్పు కాదు అక్కా. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికి పోయి టెక్స్ట్ ఇంజిన్ మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటే అది ఎంచుకోండి. కొత్త వెర్షన్లలో వరల్డ్ రెడీ లేఅవుట్ అని ఉంటుంది. ప, పొల్లు, ర మూడు కోడ్‌లు కలిసి ‘ప్ర’ అనే ఒకే రూపం కావాలని ఫాంటు లోపల రాసి ఉంటుంది. ఆ రాత చదవగలిగే ఇంజిన్ ఉంటేనే అతుకుతుంది.

---

చెల్లె_లగ్గం (హన్మకొండ) · బుధవారం రాత్రి 10:20

అతుక్కుంది. కానీ చివరికి కోరెల్‌లనే చేసిన, వెల్డ్ కూడ చేయాలె గదా.

ఇంగ్లీషు దిక్కు గ్రేట్ వైబ్స్ వదలబుద్ధి కాలే. పేర్లు పెద్దగ చేసి సన్న అవుట్‌లైన్ ఇచ్చిన. తెలుగు దిక్కు లక్కిరెడ్డి పెట్టి చూసిన, బాపు రాత పెట్టి చూసిన. నీలం గారు అన్నట్టు బాపు రాత పక్కన ఇంగ్లీషు నెమ్మది అయిపోయింది. లక్కిరెడ్డి దగ్గరగ వచ్చింది గానీ క్రావడి పొట్టిగ ఉన్నది. అప్పుడు అమ్మ బీరువల నుంచి మా తాత రాసిన ఉత్తరం తీసిన. ఆయన మా అమ్మ పెండ్లప్పుడు చుట్టాలకు రాసినది, ఇన్లాండ్ లెటర్. అండ్ల ‘ప్రియమైన’ అని మొదలుపెట్టిండు. ఆ ప్ర కింద క్రావడి ఎడమ అంచు నుంచి వచ్చి ఇ గుడి కిందిదాక పోయి, చివరకు కొద్దిగ పైకి లేచి ఆగింది. సిరా అక్కడ చిన్న చుక్కగ నిలబడ్డది.

దాన్ని ఫోన్ల ఫొటో తీసి, కోరెల్‌ల కింద పెట్టి, పైన పెన్ టూల్‌తోని గీసిన. ‘ప్రశాంత్’ కింద ఆ క్రావడి తెచ్చి తగిలిచ్చిన. ‘మాధవి’ వి మీది గుడిని అదే వంపుల తిప్పిన. మిగిలిన అక్షరాలు ముట్టుకోలే. ధ కింది గీత మాత్రం లావు చేసిన, మిగతా గీతలంత.

అమ్మ చూసి ‘ఇది బాపు రాత ఎందుకైతది, ఇది నాయిన రాత’ అన్నది. ముహూర్తం, అడ్రసు మండలిలనే పెడ్త అంటే మారుమాట్లాడలే.

అసలు సైజుల బటర్ పేపరు తీసి కిటికీకి ఆనిచ్చి చూసిన, అన్ని గీతలు ఉన్నయి. మట్టెవాడ అన్నా, రేపు పొద్దున పది గంటలకు తెస్త. ఒక్క కార్డు ముందుగ కొట్టి ధ చూసినంకనే మిగతావి మొదలుపెడ్దాం.

---

మట్టెవాడ_స్క్రీన్ (వరంగల్) · బుధవారం రాత్రి 10:31

తీసుకరా బిడ్డా. మెష్ కొత్తది బిగిస్త. ఇంకు రంగు మీ అమ్మ చూసి చెప్పినంకనే కలుపుత, ఆమెను కూడ తోలుకరా.